వెలుగు చెప్పే వంట కబుర్లు

పిల్లలూ, అమ్మ ఇడ్లీలు పొయ్యిమీద పెట్టినప్పుడు చూశారా? మాటిమాటికీ మూత తీస్తే ఆవిరి కాస్తా పోతుంది, ఇడ్లీలు సరిగా ఉడకవు. మూత తీయకుండానే లోపలి సంగతి తెలియాలి. శాస్త్రజ్ఞులకు కూడా ఒకప్పుడు ఇలాటి చిక్కే వచ్చింది.

ప్రతి జీవకణంలోనూ ఒక వంటిల్లున్నది. జన్యువులనే పెద్ద పుస్తకం నుంచి కావలసిన పుట ఆర్.ఎన్.ఎ. అనే చీటీమీదికి నకలవుతుంది. రైబోసోములనే వంటవాళ్ళు ఆ చీటీ చదివి మాంసకృత్తులు తయారు చేస్తారు. విచిత్రమేమంటే, కణాలను చిదిపి రసం తీసి, అందులో ముడిసరుకులూ, శక్తినిచ్చే పదార్థాలూ కలిపితే, కణం లేకపోయినా వంట కొన్ని గంటలు సాగుతుంది!

1961లో అమెరికాలో నిరెన్‌బర్గ్, మత్తయీ అనే శాస్త్రజ్ఞులు ఇ. కోలి అనే సూక్ష్మజీవుల రసంతో ఇలాటి వంటే చేశారు. అది ఎంతవరకు వచ్చిందో తెలియాలంటే ఆమ్లం పోసి పని ఆపాలి. తయారైనదాన్ని వడగట్టి, దానిలోని రేడియోధార్మికతను కొలవాలి. అలా ఆపిన వంట మళ్ళీ సాగదు.

ఆ ఏడే, ఆ దేశంలోనే, ఫ్రైడే హార్బర్ తీరాన ఒసాము షిమొమురా మొదలైనవారు సుమారు 10,000 జెల్లీచేపలను పట్టారు. వాటిలో ఒక వింత మాంసకృత్తు కనిపించింది. నీలికాంతి పడితే అది ఆకుపచ్చగా మెరుస్తుంది! దాని జన్యువును 1992లో వేరుచేశారు. జెల్లీచేపలోనే కాదు, ఇతర జీవుల్లో కూడా అది మెరుస్తుందని 1994లో మార్టిన్ చాల్ఫీ చూపాడు. 2008లో వీరిద్దరికీ, రోజర్ చెన్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు ఆ జన్యువును కణరసంలో వేస్తే, మాంసకృత్తు తయారవుతున్నకొద్దీ రసం మెరుపు పెరుగుతుంది. పని ఆపనక్కరలేదు, యంత్రం కొద్ది నిమిషాలకొకసారి వెలుగును కొలుస్తూ ఉంటుంది. 2011లో చీటీకి కూడా దీపం పెట్టారు. ఆర్.ఎన్.ఎ.కు చేర్చిన ఒక ముక్క ఒకానొక రంగు పదార్థాన్ని పట్టుకుని పచ్చగా మెరుస్తుంది. దాని పేరేమిటో తెలుసా? ‘స్పినాచ్’, అంటే పాలకూర! మాంసకృత్తుకు ఎర్రదీపం పెడితే, ఒకే రసంలో ముందు చీటీ వెలుగూ, తరవాత వంట వెలుగూ కనిపిస్తాయి.

కాని తొందర పనికిరాదు. మాంసకృత్తు తయారైన మరుక్షణమే మెరవదు. అది సరిగా మడతపడి, ప్రాణవాయువు సోకి, పక్వం కావాలి. అందుకు కొన్ని నిమిషాలు పట్టవచ్చు, గంటకు పైగానూ పట్టవచ్చు. సీసాలో గాలే లేకపోతే, వంట పూర్తయినా దీపం వెలగదు.

కనక దీపం వెలగలేదని వంట కాలేదనుకోకండి. ముందు సీసాలో గాలి ఉన్నదో లేదో చూడండి!