గృహిణి చేతిపని: మూలలో రెండు గుత్తులు

మాలో ఒకరి కూతురికి నెలలు నిండుతున్నాయి. చలికాలానికి బిడ్డకు దుప్పటి కావాలి. పాత స్వెట్టర్లు విప్పి, వంకరలు పోయేలా ఊలు తడిపి ఆరబెట్టి, తెల్లాపూర్‌లో మేము నలుగురం క్రోషియా సూదులు పట్టుకున్నాము.

ముందు నాలుగు గొలుసు కుట్లు వేసి ఉంగరంలా కలపాలి. పైకి మూడు గొలుసులు వేస్తే అది ఒక పొడవు కుట్టు లెక్క. సూదికి ఒకసారి ఊలు చుట్టి తీసే పొడవు కుట్లు ఇంకా రెండు వేస్తే ఒక గుత్తి. తరువాత రెండు గొలుసులు. ఇలా నాలుగు గుత్తులు వేసి మొదటి దానితో కలిపితే, నడుమ సందులే నాలుగు మూలలు.

రెండవ వరుస నుండి ప్రతి మూల సందులో రెండు గుత్తులు వేయాలి, వాటి నడుమ రెండు గొలుసులు. ప్రక్క సందుల్లో ఒక్కటి చాలు. నేర్పిన అక్క వెళ్ళగానే మేము మూలల్లోనూ ఒక్కటే వేశాము. చదరం కాస్తా టోపీ అయి కూర్చుంది! అంతా విప్పాము. ఊలు ఎక్కడికీ పోలేదు లెండి.

అక్కది నరసాపురం వైపు. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలు అక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాని ఆ స్త్రీల శ్రమను తీరికవేళ పనిగా లెక్కగట్టి కూలి తగ్గించిన సంగతి మరియా మీస్ 1982లో పుస్తకంగా వ్రాశారు. అందుకే అల్లినదాన్ని ఎవరైనా ఊరకే అడిగితే మాకు కోపం.

దుప్పటికి నలభై రెండు చదరాలు కావాలి. పదకొండు అయ్యాయి. ఎర్ర ఊలు అయిపోయింది.