ఉద్యోగం గేటు లోపల, కాపురం గేటు బయట

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చిందంటే మన ఇళ్లలో ముందు స్వీట్లు పంచుతారు, పోస్టింగ్ ఎక్కడో తర్వాత తీరిగ్గా చూసుకుంటారు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) జూనియర్ ఇంజినీర్ పరీక్ష పాసైన పిల్లాడికి కేంద్ర ప్రజాపనుల శాఖ, అంటే సీపీడబ్ల్యూడీ వస్తే ఎవరూ పెద్దగా ప్రశ్నలు వెయ్యరు. ఎంఈఎస్ వస్తేనే ఇంట్లో చర్చ మొదలవుతుంది. మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్ దాని పూర్తి పేరు. బ్యారక్ పైకప్పు దగ్గర్నుంచి రన్‌వే దాకా, మంచినీళ్ల పంపు దగ్గర్నుంచి ఆసుపత్రి కరెంటు దాకా సైన్యానికి కట్టిపెట్టి, బాగుచేసిపెట్టే శాఖ అది. 1923 నుంచీ ఉంది. అందులో చేరినవాడు పఠాన్‌కోట్ వెళ్లొచ్చు, జోధ్‌పూర్ వెళ్లొచ్చు, అస్సాంలోని మిసామారికీ వెళ్లొచ్చు.

దారి ఇదొక్కటే కాదు. ఎస్సెస్సీ వాళ్లదే గ్రాడ్యుయేట్ స్థాయి పరీక్ష సీజీఎల్ రాసి డిఫెన్స్ అకౌంట్స్‌లో ఆడిటర్లయ్యేవాళ్లున్నారు. మన సికింద్రాబాద్ ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ (ఏఓసీ) సెంటర్ ఇచ్చే ప్రకటన చూసి దరఖాస్తు పెట్టి, ఎక్కడెక్కడి ఆర్డ్‌నెన్స్ డిపోల్లోనో ట్రేడ్స్‌మన్ మేట్లుగా, ఫైర్‌మన్లుగా చేరేవాళ్లున్నారు. నేవీ సివిలియన్ పరీక్ష రాసి కార్వార్‌కో పోర్ట్‌బ్లెయిర్‌కో (ఇప్పటి శ్రీ విజయపురం) వెళ్లేవాళ్లున్నారు. బీఈడీ చేసి ఆర్మీ పబ్లిక్ స్కూళ్లలో పాఠాలు చెప్పేవాళ్లున్నారు. వీళ్లెవరూ తుపాకి పట్టరు, పరేడ్ చెయ్యరు. అయినా రోజూ సంత్రీకి కార్డు చూపిస్తేగాని ఆఫీసు మొహం చూడలేరు.

ఇలా బయల్దేరేవాళ్లు అడిగేవన్నీ గేటు లోపలి సంగతులే. క్వార్టర్ ఇస్తారా, క్యాంటీన్ కార్డు వస్తుందా, స్కూల్లో సీటు దొరుకుతుందా? మా తోడల్లుడి కొడుక్కి ఈమధ్య ఇలాంటి ఉద్యోగమే వస్తే వాడూ అవే అడిగాడు. "బాబాయ్, చుట్టాలు అప్పుడే రమ్ము సీసాలకి ఆర్డర్లు ఇచ్చేశారు" అని నవ్వాడు కూడా. సివిలియన్ కార్డు మీద మామూలుగా సబ్బులు, నూనెలు, బిస్కెట్లే వస్తాయిరా, సీసాలు రావు అని చెప్పాను. ఈ నిజం నమ్మే చుట్టం నాకు ఇంతవరకూ తగల్లేదు. క్యాంటీన్ సంగతి అటుంచి వాణ్ణి నేనొకటే అడిగాను: గేటు బయట ఏ ఊరుందో తెలుసుకున్నావా?

ఎందుకు అడగాలంటే, సైనిక స్థావరం వచ్చిపోయేవాళ్ల కోసం కట్టిన ఊరు. ఫౌజీ కుటుంబం రెండు మూడేళ్లు ఉంటుంది, ట్రంకు పెట్టెలు సర్దుకుని ఇంకో స్టేషన్‌కి పోతుంది. అక్కడి ఏర్పాట్లన్నీ ఆ రాకపోకల్ని చూసి చేసినవే. కేంద్రీయ విద్యాలయాలు పుట్టిందే అలా. 1963లో ఇరవై రెజిమెంటల్ స్కూళ్లను తీసుకుని ఆ వ్యవస్థ మొదలుపెట్టారు. తండ్రి బదిలీ అయినప్పుడల్లా పిల్లల చదువు తెగకూడదన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. ఈనాటికీ అక్కడ కేంద్ర ఉద్యోగుల పిల్లల్లో ఎవరికి ముందు సీటివ్వాలో తేల్చేటప్పుడు గత ఏడేళ్లలో తల్లిదండ్రులకి ఎన్ని బదిలీలయ్యాయో లెక్కిస్తారు. అదే స్టేషన్‌లో పదేళ్లుగా స్టోర్‌కీపర్‌గా పనిచేస్తున్నవాడికి ఆ లెక్కలో వచ్చేది సున్నా. కమాండర్లు మారతారు, యూనిట్లు మారతాయి. ఏ పైపు ఏ గోడ కింద పోతోందో, ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో చెప్పగలిగిన ఆ స్టోర్‌కీపర్ మాత్రం అక్కడే ఉంటాడు. స్టేషన్‌లో అందరికన్నా ఎక్కువకాలం ఉండేవాడు అతనే. స్టేషన్ వసతుల వరసలో చివరివాడూ అతనే.

క్వార్టర్ సంగతికి వద్దాం. అత్యవసర సేవల్లో ఉన్న ఎంఈఎస్ సిబ్బందికి కొన్ని ఇళ్లు కేటాయిస్తారు. మిగతావాళ్లు వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకుని బయట అద్దెకుండాలి. ఏడో వేతన సంఘం లెక్కలో జూనియర్ ఇంజినీర్ తొలి మూలవేతనం 35,400 రూపాయలు. హైదరాబాద్‌లో ఉంటే అందులో 30 శాతం, అంటే 10,620 రూపాయలు ఇంటి అద్దె భత్యం. విశాఖలో అయితే 20 శాతం, 7,080. చిన్న ఊళ్లన్నీ జడ్ తరగతి కాబట్టి 10 శాతం, 3,540. చిన్న ఊరు కదా, అద్దెలూ చిన్నవే అని ఢిల్లీలో ఎవరో లెక్కగట్టారు. కంటోన్మెంట్‌ని ఆనుకున్న బజారులో నాలుగే వీధులుంటాయి, అవే ఇళ్ల కోసం క్వార్టర్ దొరకని ఫౌజీలూ తిరుగుతుంటారు. అలాంటిచోట ఇంటి యజమాని వేతన సంఘం నివేదిక చదివి అద్దె చెప్పడు.

జబ్బు చేస్తే ఫౌజీ కుటుంబానికి మిలిటరీ ఆసుపత్రి ఉంది. సివిలియన్‌కి కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం (సీజీహెచ్‌ఎస్) ఉన్న ఊరైతే డిస్పెన్సరీ. లేనిచోట అధీకృత వైద్యుడికి చూపించుకుని బిల్లులు పెట్టుకోవాలి.

ఇక గేటు. 2016లో పఠాన్‌కోట్, ఉరి దాడులు చూసిన తర్వాత సోదాలు ఎందుకింత గట్టిగా ఉన్నాయని అడగడం అవివేకం. అయితే ఆ గట్టిదనంలో కాపురం చెయ్యడం ఎలా ఉంటుందో ముందే తెలియాలి. అదృష్టం బాగుండి లోపల క్వార్టర్ దొరికిందే అనుకోండి, ఊర్నుంచి అత్తగారూ మామగారూ వస్తే వాళ్లకి పాసు రాయించాలి. పనమ్మాయికి పోలీసు వెరిఫికేషన్ ఉండాలి. ఫొటో ఎక్కడ తియ్యొచ్చో ఎక్కడ తియ్యకూడదో పిల్లలకి నేర్పాలి. రాత్రి పొద్దుపోతే కొన్ని దారులు మూసేస్తారు. మందుగుండు డిపోలున్నచోట 1903 నాటి వర్క్స్ ఆఫ్ డిఫెన్స్ చట్టం కింద చుట్టూ కొంత మేర ఇళ్లు కట్టనివ్వరు. చాదస్తం అనుకోవద్దు. మహారాష్ట్రలోని పుల్గావ్ మందుగుండు డిపోలో 2016 మే 31 తెల్లవారకముందే పేలుడు జరిగినప్పుడు సైనికాధికారులతో పాటు మంటలార్పబోయిన ఫైర్ సిబ్బందీ చనిపోయారు. డిపోలో ఫైర్‌మన్ ఉద్యోగమంటే ఏమిటో దరఖాస్తు పెట్టేముందే ఇంట్లోవాళ్లకి తెలియాలి.

ఫౌజీతో పోల్చుకుని బాధపడమని నేను చెప్పడం లేదు. సియాచిన్‌లో నిలబడి వచ్చినవాడికి, ఎప్పుడు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాల్సినవాడికి ముందు వరస ఇవ్వడం న్యాయమే. జవాను నలభై ఏళ్లు నిండకుండానే ఇంటికి పోవచ్చు, సివిలియన్‌కి అరవై దాకా జీతం ఉంటుంది. అది కూడా లెక్కలోకి రావాలి. పింఛను దగ్గరే నాకు పేచీ. 2004 జనవరి 1 నుంచి చేరిన సివిలియన్లను కొత్త పింఛను పథకంలోకి నెట్టారు, సాయుధ దళాలను మినహాయించారు. 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పింఛను అని ఇంకో దారి తెరిచారు గాని పాతదానికి అది సాటి రాదు. మందుగుండు పెట్టెలు మోసేవాడి పింఛను, ఢిల్లీలో బల్లముందు కూర్చుని ఫైళ్లు చూసేవాడి పింఛను ఒకే నిబంధన కింద రావడం నాకు సబబుగా తోచదు.

సైన్యం వెంట ఇలా ఊళ్లు మారడం మనవాళ్లకి కొత్త కాదు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి చరిత్రే చూడండి. సురిటి అప్పయ్య సైన్యంలో డోలీ మోసేవాడు. 1813లో ఆయన్ని ఉజ్జయినికి బదిలీ చేశారు. ఇక్కడ జంటనగరాల్లో కలరా ప్రబలిందని విని, అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. తిరిగొచ్చాక 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారిని ప్రతిష్ఠించాడని ఆలయ చరిత్ర చెబుతుంది. పటాలం వెంట పరాయి ఊరెళ్లిన ఒక డోలీబోయీ తెచ్చిన మొక్కే ఇవాళ్టి లష్కర్ బోనాలు. అసలు 1806లో పేరు పెట్టుకున్న సికింద్రాబాద్ మొత్తం అలా పెరిగిన ఊరే. మద్రాసు సైన్యానికి సరుకులందిస్తూ వచ్చిన ముదలియార్లు ఇక్కడే స్థిరపడ్డారు. రెజిమెంటల్ బజార్ ఇంకా ఆ పేరుతోనే ఉంది. ఏ పటాలం కోసం ఆ బజారు వెలిసిందో ఆ పటాలం ఎప్పుడో వెళ్లిపోయింది, బజారు మిగిలింది.

విశాఖ ఇంకో ఉదాహరణ. నేవల్ డాక్‌యార్డులో అప్రెంటిస్‌గా చేరి, అక్కడే మేస్త్రీ అయి, రిటైరైనవాళ్లు మల్కాపురం నుంచి గాజువాక దాకా ఇళ్లు కట్టుకున్నారు. వాళ్లకి బేస్ అంటే షిఫ్టు అయిపోగానే సైకిలెక్కి బయటపడే చోటు. కాపురం, పెళ్లిళ్లు, చీటీలు, రాజకీయాలు అన్నీ ఊళ్లోనే. విమానాశ్రయం రన్‌వే నేవీదే, ఎన్ఏడీ జంక్షన్ పేరు నేవీ ఆయుధ డిపోదే, అయినా ఊరు ఊరుగానే ఉంది. అక్కడ సివిలియన్‌కి తాను తక్కువవాణ్ణన్న బెంగ ఉండదు, గేటు బయట తన ఊరుంది కాబట్టి. పోర్ట్‌బ్లెయిర్ వెళ్లేవాళ్లకీ నేనిదే ధైర్యం చెబుతాను. 2011 జనాభా లెక్కల్లో అండమాన్, నికోబార్ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. చేపలమ్మే ఆవిడ దగ్గర బేరం తెలుగులోనే ఆడొచ్చు. ఉత్తర బెంగాల్‌లోని బిన్నాగురిలో అలా కుదరదు. చుట్టూ తేయాకు తోటలు, మధ్యలో కంటోన్మెంట్. భార్యకి ఉద్యోగం కావాలంటే స్కూలు తప్ప ఇంకేముందో వెతుక్కోవాలి. అదీ ఆర్మీ పబ్లిక్ స్కూల్ అయితే ముందు స్క్రీనింగ్ పరీక్ష గట్టెక్కాలి, ఆ పైన దొరికేది ఏడాది కాంట్రాక్టు కావచ్చు.

అక్కడికి వెళ్లొద్దని కాదు. వెళ్లి, గేటు లోపలి లోకంలోకి దూరాలని తాపత్రయపడకండి. సైన్యంలో హోదా భుజం మీద కనిపిస్తుంది, దాంతోనే పిలుపులూ కుర్చీలూ నడుస్తాయి. బడాఖానాకి, అంటే పటాలం విందుకి పిలిస్తే వెళ్లి కడుపునిండా తిని రండి. ఎవరి భార్య ఏ కుర్చీలో కూర్చుందన్న పట్టింపు మాత్రం ఇంటికి మోసుకురావద్దు. కొంతమంది సివిలియన్ ఆఫీసర్లు మేజర్ల కన్నా ఎక్కువ మీసం మెలేస్తారు. చూడ్డానికి నవ్వొస్తుంది గాని వాళ్లకింద పనిచేసేవాడికి నవ్వు రాదు. ఇల్లు కంటోన్మెంట్‌లో పౌరులుండే సదర్ బజారులో తీసుకోండి. హిందీ ఎలాగూ వస్తుంది, ఆ ఊరి భాష కూడా నాలుగు ముక్కలు నేర్చుకోండి. కూరగాయల దుకాణం, మందుల షాపు, గుడి, చర్చి, మసీదు, ఏదో ఒకచోట మీ పేరు తెలిసిన మనుషుల్ని సంపాదించుకోండి. ఫౌజీ పొరుగువాళ్లు ఎంత మంచివాళ్లయినా రెండేళ్లలో వెళ్లిపోతారు. బజారువాళ్లు ఉంటారు.

ప్రభుత్వం చెయ్యాల్సింది కూడా ఉంది. కంటోన్మెంట్ బోర్డులకు ఎన్నికలు 2015లో జరిగాయి. మళ్లీ 2023 ఏప్రిల్ 30న జరుపుతామని ప్రకటించి, నెలన్నర ముందు రద్దు చేశారు. అదే ఏప్రిల్‌లో హిమాచల్‌లోని యోల్‌తో మొదలుపెట్టి, కంటోన్మెంట్లలోని పౌర ప్రాంతాలను పక్కనున్న స్థానిక సంస్థల్లో కలిపే పని చేపట్టారు. సికింద్రాబాద్ విలీనం మాట ఏళ్లుగా నలుగుతోంది. 2018లో రక్షణ మంత్రిత్వ శాఖ మూసిన రోడ్లు తెరవమని ఆదేశిస్తే ఇక్కడ జనం ఎంత సంబరపడ్డారో, తర్వాత ఎన్ని దారుల దగ్గర మళ్లీ పేచీలొచ్చాయో సైనిక్‌పురి, మల్కాజ్‌గిరి వైపు వాళ్లనడగండి. కలపండి, కలపకపోండి, మధ్యలో మాత్రం వేలాడదియ్యకండి. కుళాయి రాకపోతే ఎవర్నడగాలో తెలియని ఊళ్లో సివిలియన్ ఇల్లెందుకు కట్టుకుంటాడు?

ఇంకో చిన్న పని, దీనికి చట్టం కూడా అక్కర్లేదు. నియామక పత్రంతో పాటు ఆ స్టేషన్ గురించి ఒక కాగితం ఇవ్వండి. క్వార్టర్ వెయిటింగ్ లిస్టు ఎంత పొడుగుందో, ఇంటి అద్దె భత్యం ఏ తరగతో, దగ్గరి స్కూలు, ఆసుపత్రి ఏవో, గేటు పాసుకి ఎన్ని రోజులు పడుతుందో, ఆ స్టేషన్‌లో ఎన్నేళ్లు ఉండాలో అందులో రాయండి. కొత్తగా వచ్చే యూనిట్ కోసం సైన్యం ఇంతకన్నా వివరంగా కాగితాలు తయారుచేస్తుంది. సివిలియన్ కోసం ఒక పేజీ రాయలేదా?

ఆ పేజీ వచ్చేదాకా మీరే జాగ్రత్తపడాలి. చేరడానికి ఇచ్చిన గడువుంటుంది, మొదటి రోజునే కుటుంబాన్ని రైలెక్కించకండి. ఒక్కరే వెళ్లి, ఊరంతా నడిచి, అద్దెలూ స్కూలూ విచారించి, ఇల్లు చూసుకున్నాకే వాళ్లకి టికెట్లు కొనండి.