ఏడేళ్ల పద్దు... పాతికేళ్ల విమానం

2017 సెప్టెంబరు 26న ఫ్రాన్స్‌లోని టార్బ్‌ నుంచి ఓ ఎయిర్‌బస్‌ ఏ340 గాల్లోకి లేచింది. దాని రెక్కల చివర్లు వేరే విమానానివి తెచ్చి తగిలించినట్లున్నాయి. ఒక రకంగా జరిగిందీ అదే. బయటివైపు ఇంజిన్లు దాటాక ఉండే భాగాన్ని తీసేసి, గాలి సుడులు తిరగకుండా జారిపోయేలా తీర్చిన కొత్త రెక్క ముక్కల్ని బిగించారు. ఒకవైపు భాగానికి స్వీడన్‌ సంస్థ సాబ్, రెండోవైపు దానికి బ్రిటన్‌ సంస్థ జీకేఎన్‌ పని చేశాయి. ఒకే విమానంపై రెండు తయారీ పద్ధతులకూ పరీక్ష! అలాంటి రెక్కపై రివెట్‌ తల కాస్త పైకి పొడుచుకొచ్చినా, పురుగు చచ్చి అంటుకుపోయినా గాలి ప్రవాహం చెదిరిపోతుంది. ఆ నునుపు సాధిస్తే రెక్క మీద గాలి రాపిడి సగానికి తగ్గుతుందని, కర్బన ఉద్గారాలు 5 శాతం దాకా తగ్గుతాయని అంచనా. ఇరవై పైచిలుకు భాగస్వాములు కలిసి చేసిన ప్రయోగమిది. దీనికి ఊతమిచ్చిన ‘క్లీన్‌ స్కై’ కార్యక్రమం 2008లో మొదలైంది. విమానం ఎగిరేసరికి తొమ్మిదేళ్లు పట్టింది. ఈలోగా ఐరోపా సమాఖ్య బడ్జెట్‌ ఒకటి ముగిసి, మరొకటి సగానికి వచ్చింది.

ఐరోపా పాలకులు ఇప్పుడు ఆలోచించాల్సింది ఈ కాలవ్యవధి గురించే. సమాఖ్య పద్దు ఏడేళ్లకోసారి మారుతుంది. విమానం పరిశోధన అంతకన్నా ఎక్కువ కాలం అడుగుతుంది. 2035లో రంగంలోకి దిగే విమానం పాతిక, ముప్ఫై ఏళ్లు ఎగురుతుంది. అంటే, కర్బన తటస్థతకు ఐరోపా తనకు తాను పెట్టుకున్న 2050 గడువును కూడా దాటేస్తుంది. ఇప్పుడు సాధించలేని పొదుపును తరవాత అతికించడం కుదరదు. అందుకే 2028-34 బడ్జెట్‌లో విమానయాన ఉమ్మడి పరిశోధనకు విడిగా, ఇంకో పనికి మళ్లించడానికి వీల్లేని కేటాయింపు ఉండి తీరాలి.

లక్ష్యాల విషయంలో ఐరోపాకు ఏనాడూ కరవు లేదు. పరిశోధనకు దారి చూపేందుకు 2001లోనే సలహా మండలి ఏర్పడింది. 2011లో ‘ఫ్లైట్‌పాత్‌ 2050’ పత్రం వచ్చింది. 2000 నాటి విమానాలతో పోలిస్తే ఒక్కో ప్రయాణికుడికి కిలోమీటరుకు పడే కార్బన్‌ డయాక్సైడ్‌ను 75 శాతం, మోతను 65 శాతం తగ్గించాలని అందులో రాసుకున్నారు. డబ్బు దగ్గరికి వచ్చేసరికే చేయి ముడుచుకుంటోంది. 2014లో మొదలైన క్లీన్‌ స్కై రెండో దశకు సమాఖ్య ఇచ్చింది 175.5 కోట్ల యూరోలు. 2021లో వచ్చిన ‘క్లీన్‌ ఏవియేషన్‌’కు ఇచ్చింది 170 కోట్లు. మధ్యలో పెరిగిన ధరల్ని లెక్కలోకి తీసుకుంటే కోత ఇంకా పెద్దది. లక్ష్యమేమో బరువెక్కింది. ఇంధన వినియోగాన్ని 30 శాతం తగ్గించగల సాంకేతికతను సిద్ధం చేయమన్నారు. పని పెంచి కూలి తగ్గించడాన్ని ప్రణాళిక అనలేం.

అంతకన్నా పెద్ద నష్టం రెండు పద్దుల మధ్య సందులో జరుగుతోంది. క్లీన్‌ స్కై రెండో దశ కొత్త ప్రతిపాదనలు తీసుకోవడం 2020తో ఆగింది. క్లీన్‌ ఏవియేషన్‌కు చట్టబద్ధత వచ్చింది 2021 నవంబరులో. తొలి ప్రాజెక్టుల్లో పని మొదలయ్యేసరికి 2023 వచ్చింది. పాత ప్రాజెక్టులు నడుస్తూ ఉండవచ్చు. కొత్త ఆలోచనతో వచ్చినవారికి మాత్రం తలుపు మూసే ఉంది. పెద్ద కంపెనీలు ఈ విరామాన్ని తట్టుకుంటాయి. ఒప్పంద ఉద్యోగాలపై నడిచే విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో గాలి సొరంగం నడిపే నిపుణుడు, మిశ్రమ పదార్థాల అచ్చులు పోసే సాంకేతికుడు ఎన్నాళ్లు ఎదురుచూస్తారు? ఒకసారి వేరే రంగానికి వెళ్లిపోయినవారు తిరిగిరారు. పదేళ్లలో కూడగట్టుకున్న నేర్పు వారితోపాటే పోతుంది.

బ్రిటన్‌ అనుభవం చూడండి. బ్రెగ్జిట్‌ తరవాత ఉత్తర ఐర్లండ్‌ వివాదంలో చిక్కుకుని, సమాఖ్య పరిశోధన కార్యక్రమంలో పూర్తిస్థాయి భాగస్వామిగా ఆ దేశం తిరిగి చేరింది 2024 జనవరిలోనే. రోల్స్‌ రాయిస్‌ లాంటి ఇంజిన్‌ సంస్థ, రెక్కల తయారీలో ఆరితేరిన కర్మాగారాలున్న దేశాన్ని మూడేళ్లు గుమ్మం బయట నిలబెట్టడం వల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు. దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ జర్మనీలోని కొలోన్‌లో ఉంది. జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్, నెదర్లాండ్స్‌ కలిసి అక్కడ ఓ గాలి సొరంగం కట్టాయి. నైట్రోజన్‌తో లోపలి ఉష్ణోగ్రతను మైనస్‌ 163 డిగ్రీల దాకా దించి, చిన్న నమూనా మీదే అసలు విమానం ఎదుర్కొనే గాలి పరిస్థితుల్ని సృష్టిస్తారు. ఇలాంటిది ఏ దేశానికాదేశం కట్టుకోవాలనుకుంటే ఒక్కటీ లేచేది కాదు.

జర్మనీకి ‘లూఫో’, ఫ్రాన్స్‌కు ‘కోరాక్‌’, బ్రిటన్‌కు ‘ఏటీఐ’... సొంత కార్యక్రమాలు ఉండటం తప్పేమీ కాదు. ఎవరి క్యాలెండర్‌ వారిది, ఎవరి షరతులు వారివి కావడమే తప్పు. జాతీయ నిధుల్లో కొంత భాగాన్ని ఒకే గడువుతో, ఒకే మదింపుతో ఉమ్మడి ప్రాజెక్టులకు ముందే కేటాయించాలి. ఆ సొమ్మును దేశాలవారీ వాటాలుగా మాత్రం పంచకూడదు. తూర్పు ఐరోపా సంస్థలకు చోటు పెరగాలంటే వాటాలు కాదు, ప్రయోగశాలలు, శిక్షణ అందుబాటులోకి తేవాలి.

లాభాల్లో ఉన్న కంపెనీలకు పన్నుల సొమ్మెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. క్లీన్‌ ఏవియేషన్‌లో పరిశ్రమ వాటా కనీసం 240 కోట్ల యూరోలు. అందులో నగదుకన్నా సొంత ఖర్చుతో చేసిన పని రూపంలో చూపేదే ఎక్కువ. ఆ పద్దును జనం ముందు పెట్టాలి. విఫలమైన ప్రయోగాల ఫలితాలూ భాగస్వాములందరికీ అందాలి. హైడ్రోజన్‌ విమానం 2035కల్లా తెస్తామని 2020లో ప్రకటించిన ఎయిర్‌బస్, 2025లో ఆ గడువును వెనక్కి జరిపింది. కంపెనీ లెక్కలు మారినప్పుడల్లా ప్రజల పరిశోధన కూడా ఆగిపోతే ఉమ్మడి నిధి ఉండీ ప్రయోజనమేమిటి?

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. హైదరాబాద్‌లో 2025 నవంబరులో ఫ్రాన్స్‌ సంస్థ శాఫ్రాన్‌కు చెందిన లీప్‌ విమాన ఇంజిన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. లీప్‌ తరవాతి తరం కోసం శాఫ్రాన్, జీఈ కలిసి తొడుగు లేని పెద్ద ఫ్యాన్‌తో ఇంజిన్‌ను రూపొందిస్తున్నాయి. ఇంధనం 20 శాతం ఆదా చేయాలన్నది లక్ష్యం. ఐరోపాలో దానికి సంబంధించిన పరిశోధనకు క్లీన్‌ ఏవియేషన్‌ నిధులూ అండగా ఉన్నాయి. ఆ పని కుంటుపడితే రేపు మన యువ ఇంజినీర్ల చేతికి వచ్చే ఇంజిన్‌ కూడా ఆలస్యమవుతుంది.

2028-34 పరిశోధన కార్యక్రమానికి 17,500 కోట్ల యూరోలు ఇవ్వాలని, దాన్ని పోటీతత్వ నిధితో ముడిపెట్టాలని యూరోపియన్‌ కమిషన్‌ 2025 జులైలో ప్రతిపాదించింది. మొత్తం ఘనంగానే ఉంది. అంత పెద్ద రాశిలో విమానయానం వాటా ఎవరికీ కనపడకుండా కరిగిపోయే ప్రమాదమూ అంతే ఉంది. సభ్యదేశాలు, పార్లమెంటు ఆ వాటాను అంకెతో సహా చట్టంలో రాయాలి. క్లీన్‌ స్కై రెండో దశకు ఇచ్చినదానికన్నా, పెరిగిన ధరలు కలుపుకొని, అది తగ్గకూడదు. తరవాతి తరం విమానం తయారుచేయాలా వద్దా అన్నది కంపెనీలు ఈ దశాబ్దం చివర్లోనే తేల్చుకుంటాయి. ఇప్పటి కార్యక్రమం కొత్త నిధులిచ్చే గడువు 2027తో ముగుస్తోంది కాబట్టి తరవాతి కార్యక్రమం నిబంధనలు, తొలి ప్రతిపాదనల పిలుపు ఆ ఏడాదిలోనే సిద్ధం కావాలి.