విరిగితే... పీకించేయడమేనా?

వేయించిన శనగల్లో ఓ చిన్న రాయి. కటుక్కున చప్పుడు. చేతిలోకి ఉమ్మి చూసుకుంటే... దవడ పన్నులో సగం ముక్క! ఆ వెంటనే ఇంట్లో వినిపించే సలహా ఒకటే- 'విరిగిన పన్నుతో ఏం చేస్తాం, పీకించేస్తే పోలా!'

పీకించడం చాలాసార్లు సులువే. కాసేపట్లో అయిపోతుంది. ఖర్చూ తక్కువే. చిక్కల్లా ఒకటే... పీకించాక మనసు మారితే ఆ పన్నును మళ్లీ తెచ్చుకోలేం. అందుకే కుర్చీలో వెనక్కి వాలే ముందు తెలుసుకోవాల్సింది, ఊడిపోయిన ముక్క ఎంతని కాదు. నోట్లో మిగిలిన పన్ను ఎంత, ఎలా ఉంది అని!

పైకి కనిపించేది కొంతే

చెట్టుకు మల్లే పన్నులోనూ చిగురు పైన ఉన్నదానికన్నా లోపల ఉన్నదే ఎక్కువ. పైన తెల్లగా గట్టిగా ఉండే పొర ఎనామెల్. దాని కింద కాస్త పసుపు రంగులో డెంటిన్. నట్టనడుమ రక్తనాళాలు, నరాలతో కూడిన మెత్తటి గుజ్జు. డాక్టర్లు పల్ప్ అనేదీ, మనం 'నరం' అనేదీ దీన్నే. ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామెల్‌కు ఆ శక్తి లేదు. ఒకసారి పోతే పోయినట్టే.

ఎనామెల్ అంచు మాత్రమే చిట్లితే నొప్పి ఉండదు. గరుకుగా నాలుకకు తగులుతుందంతే. నునుపు చేస్తే సరిపోతుంది. డెంటిన్ దాకా విరిగితే చల్లనీళ్లు తాగినప్పుడు జివ్వుమంటుంది. ఫిల్లింగ్‌తో చాలావరకు చక్కబడుతుంది. విరిగినచోట ఎర్రటి చుక్కలా కనిపించినా, రక్తం వచ్చినా గుజ్జు బయటపడిందని అర్థం. సాధారణంగా 'పీకించేద్దాం' అనే మాట వచ్చేది ఇక్కడే. నిజానికి పెద్దవాళ్లలో రూట్ కెనాల్ చికిత్స పనికొచ్చేదీ ఇక్కడే.

రెండు మిల్లీమీటర్ల లెక్క

పన్ను నిలుస్తుందా లేదా అన్నది తేల్చడానికి డాక్టర్లు మొదట చూసేది చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగిలిందని. చుట్టూ కనీసం ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల ఎత్తున గోడ మిగిలి ఉంటే మంచి ఆశే ఉన్నట్టు. అంటే ఇంచుమించు ఓ బియ్యపు గింజ మందం. ఇంత చిన్న అంచుకు అంత విలువెందుకు? ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా బిగిస్తే చెక్క విచ్చుకోదు కదా! క్యాప్ కూడా ఆ అంచును చుట్టూ పట్టుకుని పన్ను చీలిపోకుండా కాపాడుతుంది. పట్టుకోవడానికి అంచే లేకపోతే ఎంత ఖరీదైన క్యాప్ పెట్టించినా కొన్నాళ్లకు ఊడి వచ్చే ప్రమాదం ఉంటుంది.

చిగురుకు సమానంగా విరిగినా దారులు మూసుకుపోలేదు. చిగురును, దాని కింది ఎముకను కొద్దిగా సవరించి పన్ను అంచును బయటపెట్టొచ్చు. లేదంటే పళ్లకు క్లిప్పులు వేసినట్టే తీగ కట్టి, మిగిలిన వేరును కొన్ని వారాలపాటు మెల్లగా పైకి లాగొచ్చు. వేరు తగినంత పొడవు ఉంటేనే ఇవి పనికొస్తాయి.

లోపల జరిగేదేంటి?

రూట్ కెనాల్ అనగానే చాలామందికి చెమటలు పడతాయి. మత్తు ఇంజెక్షన్ సరిగా పనిచేశాక మిగిలేది ఎక్కువగా నోరు తెరిచి కూర్చునే ఓపిక పరీక్షే. కింది దవడలో ఆరేళ్ల వయసులో వచ్చే పెద్ద పన్నునే తీసుకుందాం. దానికి సాధారణంగా రెండు వేర్లు, వాటిలో మూడు నాలుగు సన్నటి కాలువలు ఉంటాయి. డాక్టరు పైనుంచి చిన్న దారి చేసి, వెంట్రుకంత సన్నటి ఫైళ్లతో పాడైన గుజ్జును తీసేస్తారు. క్రిములు చచ్చేలా మందునీళ్లతో కడుగుతారు. ఆనక ఖాళీలను గట్టాపెర్చాతో నింపేస్తారు. ఇది మలయా ప్రాంతపు చెట్ల పాల నుంచి వచ్చే పదార్థం. 1851లో ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగకు నీళ్లు తగలకుండా తొడుగు వేసిందీ దీంతోనే!

పైన నిలబెట్టడానికి పన్ను మరీ తక్కువగా మిగిలితే వేరులోకి ఫైబర్ లేదా లోహపు పుల్లను దించుతారు. దాని మీద గట్టి ఫిల్లింగ్‌తో పన్ను ఆకారం తెచ్చి క్యాప్ తొడుగుతారు. పుల్ల వేశారు కాబట్టి పన్ను ఉక్కులా మారిందనుకుంటే పొరపాటు. అది పైనున్న ఫిల్లింగ్‌ను పట్టి ఉంచుతుందంతే, వేరుకు బలమివ్వదు.

నొప్పి పోయింది... పని అయిపోలేదు!

చాలా పళ్లు చేజారేది ఈ మలుపులోనే. రూట్ కెనాల్ పూర్తయింది. రాత్రుళ్లు నిద్రపట్టనివ్వని నొప్పి మాయమైంది. 'క్యాప్ తర్వాత చూద్దాంలే' అని ఇంటికెళ్లిపోతారు. ఫీజులు, పెళ్లిళ్లు, పండగలు... ఆ 'తర్వాత' రానే రాదు. లోపల తవ్వినందువల్ల పన్ను గోడలు అప్పటికే పలచబడి ఉంటాయి. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు అరిగి సందుల్లోంచి క్రిములు దిగుతాయి. ఏదో ఒకరోజు చెరకు ముక్కో, మటన్ బొమికో కొరికినప్పుడు పన్ను నిలువునా చీలుతుంది. ఆ చీలిక వేరులోకి దిగిందా... ఇక పీకడం తప్ప దారుండదు. అప్పటిదాకా పెట్టిన డబ్బూ వృథా.

అందుకే దవడ పళ్లకు రూట్ కెనాల్ చేయించుకునేవాళ్లు క్యాప్ ఖర్చును కూడా మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి. ముందు పళ్లలో రంధ్రం చిన్నదై, మిగతా పన్ను గట్టిగా ఉంటే కొన్నిసార్లు ఫిల్లింగే చాలు.

ఖాళీ ఖరీదెంత?

పీకించడం చౌకే. తర్వాతి లెక్కే వేరు. ఖాళీ ఏర్పడితే పక్క పన్ను అటు వాలొచ్చు. ఎదురు దవడలోని పన్ను కిందికో పైకో జరగొచ్చు. పన్ను లేనిచోట దవడ ఎముక కుంచించుకుపోతుంది, అదీ ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. బ్రిడ్జి పెట్టించాలంటే సాధారణంగా అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. ఇంప్లాంట్ అయితే పక్క పళ్ల జోలికి పోనక్కర్లేదు కానీ ఖర్చూ, నెలల సమయమూ కావాలి.

మధుమేహం అదుపులో లేనివాళ్లకు పీకినచోట గాయం మానడం ఆలస్యమవుతుంది. ఎముకల బలానికి కొన్ని రకాల మందులు వాడుతున్నవారికి, దవడకు రేడియేషన్ తీసుకున్నవారికి పన్ను పీకితే ఎముకే దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇలాంటి విషయాలు డాక్టరు అడగకపోయినా చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు సొంతంగా మానేయకూడదు.

మొండిపట్టు వద్దు

ప్రతి పన్నూ దక్కదు. వేరు నిలువునా చీలినా, పుచ్చు చిగురు కింద చాలా లోతుకు పాకినా, చిగుళ్ల జబ్బుతో ఎముక కరిగి పన్ను బాగా కదులుతున్నా పీకించుకోవడమే మేలు. నిలవని పన్ను మీద వేలు పోసి ఏడాది తిరక్కుండానే పీకించుకోవడం కన్నా ఆ డబ్బు దాచుకోవడం నయం. ఎదురు పన్ను లేని జ్ఞానదంతాన్ని కాపాడటానికి తంటాలు పడనక్కర్లేదు. అలాంటప్పుడు 'పై పన్ను పీకిస్తే చూపు పోతుంది' అని భయపడి నొప్పిని భరించేవాళ్లూ ఉన్నారు. చూపు నరం వేరు, పళ్ల నరం వేరు. ఆ భయం అక్కర్లేదు.

పిల్లలు పడితే...

సైకిల్ మీంచి పడో, ఆటల్లో గుద్దుకునో పిల్లల ముందు పన్ను విరిగితే ముక్క కోసం వెతకండి. పాలల్లోనో నీళ్లలోనో వేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చాలాసార్లు అదే ముక్కను అతికించొచ్చు. ఎనామెల్‌ను ఆమ్లంతో గరుకు చేసి అతికించే పద్ధతికి 1955లో మైకేల్ బ్యూనొకోర్ అనే అమెరికా దంతవైద్యుడు బాటవేశాడు.

శాశ్వత పన్ను వేరుతో సహా ఊడి వస్తే నిమిషాలు ముఖ్యం. తెల్లటి భాగాన్నే పట్టుకోవాలి, వేరును ముట్టుకోకూడదు, రుద్దకూడదు. మట్టి అంటితే కొద్ది క్షణాలు కడిగి అదే గుంటలో పెట్టేయాలి. కుదరకపోతే చల్లని పాలలో వేయాలి. అరగంటలో ఆసుపత్రికి చేరితే మంచిది, గంట దాటితే ఆశలు సన్నగిల్లుతాయి. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టకూడదు.

వెళ్లేలోగా...

* గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించి, ఆ పక్క నమలకుండా ఉండాలి.
* నొప్పి మాత్రను పన్ను పక్కన పెట్టుకోకూడదు. చిగురు కాలిపోతుంది.
* యాంటీబయాటిక్స్‌తో వాపు తగ్గినా విరిగిన పన్ను బాగుపడదు.
* బుగ్గ లేదా గొంతు వాచి, జ్వరం వచ్చి, మింగడమో నోరు తెరవడమో కష్టమైతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టరును అడగండి

* వేరులో చీలిక ఉందా? ఎక్స్-రేలో ఏం కనిపించింది?
* చిగురు పైన క్యాప్ పట్టేంత గట్టి పన్ను మిగిలిందా?
* రూట్ కెనాల్, ఫిల్లింగ్, క్యాప్ అన్నీ కలిపి ఎంతవుతుంది?
* పీకితే ఆ ఖాళీలో ఏం పెట్టాలి? దానికెంత?

జవాబులు తేలకపోతే మరో డాక్టరుకు చూపించడంలో తప్పులేదు. ఖర్చుకు వెనకాడేవారికి హైదరాబాద్, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడ పళ్లను కాపాడే చికిత్సలకు ప్రత్యేక విభాగం ఉంటుంది.

పీకే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. కాపాడే అవకాశమే... ఆలస్యం చేసేకొద్దీ జారిపోతుంది!