ఇంటిల్లిపాది కూర్చుండు భోజనశాల

ఊరికి క్రొత్తగా వచ్చినవారు మొదట అద్దె యింటిని గూర్చి అడుగుదురు. పిదప పిల్లల బడిని గూర్చి అడుగుదురు. మూడవ ప్రశ్నను మాత్రము కొంచెము గొంతు తగ్గించి అడుగుదురు: "కుటుంబముతో పోయి కూర్చుండి తినదగిన హోటలు ఏదైన నున్నదా?" గొంతు తగ్గుటకు కారణము లేకపోలేదు. ఇంట వండుకొనలేకపోయిరని ఇరుగుపొరుగు వారనుకొందురేమో యను జంకు ఒకటి. డబ్బు దుబారా యను నింద మరొకటి. కాని ఈ మూడవ ప్రశ్న మొదటి రెండింటికంటె చిన్నదని నాకు తోచదు. ఒక పేట యెంత నాగరికమైనదో తెలియవలెనన్నచో, దాని భోజనశాలలలో ఎవరు నిశ్చింతగా కూర్చుండగలుగుచున్నారో, ఎవరు గడపకడనే వెనుదిరుగుచున్నారో గమనించిన చాలును.

కాజీపేటనే తీసికొందము. వరంగల్లు, హనుమకొండ, కాజీపేట అను మూడూళ్లు నేడు ఒక్క నగరముగా కలిసిపోయినవి. వానిలో కాజీపేట రైలు పెంచిన ఊరు. 1929లో కాజీపేట - బల్హార్షా మార్గము పూర్తియై, మద్రాసు నుండి ఢిల్లీకి నేరుగా దారి యేర్పడిన పిదప ఈ జంక్షను ఉత్తర దక్షిణములకు కూడలి యైనది. రైల్వే ఉద్యోగులు నానా ప్రాంతములనుండి వచ్చి ఇచ్చట కాపురములు పెట్టిరి. 1959 అక్టోబరు 10వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారినది. అందలి సీట్లలో సగము ఇతర రాష్ట్రముల విద్యార్థులవి. ఒకవంక అఫ్జల్ బియాబానీ దర్గా. మరొకవంక ఫాతిమానగరు కెథీడ్రలు. నడుమ రైల్వే క్వార్టర్లు. దర్గా ఉర్సుకు మతభేదము లేక జనులు వత్తురు. స్టేషను త్రోవలో కొంతసేపు నిలుచున్నచో తెలుగు, ఉర్దూ, హిందీ, తమిళము చెవిని పడును. ఇన్ని నాలుకలు పలుకు చోట ఇన్ని రుచులును దొరకవలసినదే. దొరకుచున్నవా? దొరకినను అందరికిని అందుచున్నవా? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసమునకు విషయము.

ఓరుగల్లునకు భోజనశాల క్రొత్త కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామము, కాకతీయుల నాటి ఓరుగల్లు వీధులలో ఇద్దరు మిత్రులు తిరిగిన తిరుగుడును వర్ణించిన కావ్యము. అందు పూటకూటి యింటి భోజనమును గూర్చి ఒక పద్యమున్నది. మేలైన బియ్యపన్నము, గోధుమపిండి వంట, పంచదార, నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకొనుటకు నాలుగైదు రకములు, గడ్డపెరుగు - ఇన్నియు ఒక్క రూకకు! పదార్థములను చెప్పి, ధరను చెప్పి, ఎవరి యింట దొరకునో పేరును గూడ చెప్పిన ఆ కవి నేటి హోటలు సమీక్షకులకు పాఠము నేర్పదగినవాడు. హోటలును మెచ్చుకొనువాడు చెప్పవలసినవి ఈ మూడే. గోడల రంగులు, దీపముల సోయగములు తరువాతి మాట.

అయితే ఒక్క సంగతి గమనింపవలెను. ఆ మిత్రులిద్దరును పురుషులు. పూటకూటి యిల్లు బాటసారి కొరకు, ఇల్లు విడిచి వచ్చిన మగవాని కొరకు పుట్టినది. 1892లో రంగమెక్కి 1897లో అచ్చయిన గురజాడవారి కన్యాశుల్కములోని పూటకూళ్లమ్మను తలచుకొనుడు. వండునది స్త్రీ, వచ్చి తినువారు పురుషులు. జీవనోపాధి కొరకు ఆడుది నలుగురికి వండి వడ్డింపవచ్చును. కాని ఆమెయే భర్తతో, బిడ్డలతో, అత్తగారితో వచ్చి విస్తరి ముందు కూర్చుండుట ఆనాటి ఊహకు అందని పని. కుటుంబము కొరకు భోజనశాల యను భావము మనకు మిక్కిలి ఇటీవలిది. దానికింకను కాళ్లు కుదురుకొనలేదు.

ఇరువదవ శతాబ్దమున ఉడిపి హోటళ్లు వచ్చి దక్షిణ దేశమునకు శుచిని, వేగమును, సరసమైన ధరను అలవాటు చేసినవి. బెంగుళూరున 1924లో ఆరంభమైన మావళ్లి టిఫిన్ రూమ్స్, మద్రాసున కృష్ణారావుగారు 1938లో స్థాపించిన ఉడ్‌లాండ్స్ నేటికిని పేరెన్నికగన్నవి. కాని ఆ తొలినాళ్లలో పెక్కు హోటళ్లలో బ్రాహ్మణులకు వేరుగ గది యుండెడిది. హోటలు పేరులోని 'బ్రాహ్మణ' శబ్దమును తొలగింపుమని మద్రాసులో పెరియారు అనుచరులు 1957లో కూడ ఆందోళన చేయవలసివచ్చినది.

మన రాజ్యాంగ నిర్మాతలు హోటలును మరువలేదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగమున 15వ అధికరణము, దుకాణములలోను, భోజనశాలలలోను, హోటళ్లలోను ప్రవేశమునకు మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచేత ఎవనికిని ఆటంకము కలుగరాదని స్పష్టముగా పలికినది. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చినది. 1976లో దానికే పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరు కలిగినది. అయినను తెలుగు పల్లెలలోని టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఆ తరువాతను చాలకాలము సాగినది. అమెరికాలోని గ్రీన్స్‌బరోలో 1960 ఫిబ్రవరి 1వ తేదీన నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవారికి మాత్రమే వడ్డించు బల్లకడ కూర్చుండి లేవమనిరి. వారడిగినది ఒక కప్పు కాఫీ. ఆ కాఫీ వెనుక మనుష్య గౌరవ మున్నది. పక్కపక్కన కూర్చుండి తినుట యనునది ఎంత పెద్ద సంగతియో ఈ చరిత్ర యంతయు చెప్పుచున్నది.

నేడు తలుపు లందరికి తెరువబడియున్నవి. నిజమే. కాని తెరచిన తలుపు వేరు, లోనికి రమ్మను పిలుపు వేరు. మన నగరములలో 'బార్ అండ్ రెస్టారెంటు' అను బోర్డు చూచి వెనుదిరుగు గృహిణి కెవరును చట్టరీత్యా అడ్డుపడలేదు. అయినను ఆమె లోనికి పోలేదు. వీధిబండి కడ ఇడ్లీ శుభ్రముగానే యుండవచ్చును. కాని చంకబిడ్డతో తల్లి నిలుచుండి యెట్లు తినును? మోకాళ్ల నొప్పులుగల తాతగారు మెట్లెక్కి రెండవ అంతస్తునకెట్లు పోవును? స్త్రీలకు తగిన మరుగుదొడ్డి లేని హోటలులో రెండు గంటలు కూర్చుండుమనుట మర్యాదయేనా? 'ఫ్యామిలీ' అని వ్రాసి, చల్లని గదిలో కూర్చుండబెట్టి, అదే దోసెకు ధర పెంచు పద్ధతియు నొకటి యున్నది. అనగా కుటుంబముతో వచ్చుట ఒక జరిమానా యన్నమాట! మునుపటి హోటళ్లలో తెరలు కట్టిన గదులుండెడివి. ఆ తెర స్త్రీని దాచుటకు కట్టినది. ఆమెకు సౌకర్యము కూర్చుటకు కట్టినది కాదు. తెర పోయినది, సౌకర్యము ఇంకను రాలేదు.

"ఇంటి భోజనమునకు సాటియున్నదా? హోటళ్లెందుకు?" అని అడుగు పెద్దలు గలరు. ఇంటి భోజనమునకు సాటి లేదు, నేనును ఒప్పుకొందును. కాని ఆ మాట పలుకువారు తినువారా, వండువారా అని విచారింపవలెను. దినమునకు మూడు పూటల చొప్పున వారమునకు ఇరువదియొక్క పూటలు. బడికి ఆదివారము సెలవు; కచేరికి ఆదివారము సెలవు; పొయ్యికి మాత్రము ఆదివారమున పని హెచ్చు. మన ఉపాధ్యాయినులలో ఎందరు తెల్లవారుజామున వండి, బడికి పోయి పాఠము చెప్పి, సాయంకాలము మరల వండుచున్నారో సోదర ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. మాసమునకొక పూట ఆమె కూర్చుండగా మరొకరు వడ్డించుట విలాసము కాదు, న్యాయము. ఇంటి వంటపని పంచుకొనుటకు ఇది బదులని మాత్రము ఎవరును తలపరాదు. మాసమునకొక పూట హోటలునకు గొనిపోయి, మిగిలిన పూటలు కాలు కదపని వాడు ఋణము తీర్చుకొన్నవాడు కాడు.

మంచి భోజనశాలను గుర్తించుట యెట్లు? ఆర్భాటమును నమ్మవలదు. మొదట చేతులు కడుగు చోటును, మరుగుదొడ్డిని చూడుడు. అవి శుభ్రముగా నున్నచో వంటయిల్లును శుభ్రముగా నుండునని చాలవరకు నమ్మవచ్చును. రెండవది, 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము క్రింద పొందిన లైసెన్సు కంటికి కనబడుచున్నదా యని గమనింపుడు. మూడవది, ధరల పట్టికను, బిల్లును పోల్చుకొనుడు. సేవా రుసుమును తమంతట తామే బిల్లులో చేర్పరాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో ఆదేశించినది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దానిని సమర్థించినది. మెచ్చి యిచ్చునది బహుమానము. అడుగక వసూలు చేయునది కాదు. నాలుగవది, ఒక్క పసివాని కొరకు కారము తగ్గించి పెట్టుమని అడిగి చూడుడు. ఆ చిన్న కోరికకు వడ్డించువాని ముఖము వికసించినచో అది కుటుంబమునకు తగిన చోటు. చిట్లించినచో మరొక చోటు వెదకుకొనవచ్చును.

కాజీపేట వంటి పేటలో అయిదవ పరీక్ష యొకటి యున్నది. శాకాహారికి వేరు పాత్రలలో వండుచున్నారా? ఉల్లి, వెల్లుల్లి తినని జైనునికి ఏమి దొరకును? మాంసము హలాలో కాదో అడిగిన ముస్లిమునకు సూటిగా సమాధానము చెప్పుదురా? ఇవి యొకరి పట్టుదలలని విసుగుకొనదగినవి కావు. పది తీరుల మనుష్యులు ఒక కప్పు క్రింద తినవలెనన్నచో, ఎవరి నియమము వారికి దక్కుటయే సహజీవనము. ఏమి పెట్టుచున్నామో దాచక చెప్పుటయే హోటలు యజమాని ధర్మము. ప్రక్క బల్లపై వారు ఏమి తినుచున్నారని తొంగిచూడకుండుట మన ధర్మము.

ఇక రుచుల మాట. బహుసంస్కృతి యన్నచో పేట యంతట ఒకే పట్టిక యుండుట కాదు. నేడు ఏ హోటలున చూచినను తందూరీ రొట్టె, పనీరు కూర, చైనావారెరుగని 'చైనా' మంచూరియా! బీహారు నుండి కుమారుని కళాశాలలో చేర్చుటకు వచ్చిన తండ్రి ఈ ఊరి రుచి యేదని అడిగినచో మనమేమి చూపగలము? ఎనుమాముల మార్కెటుకు మిరప రాశులు వచ్చి పడును. ఆ మిరపతో చేసిన మన పచ్చిపులుసు మాత్రము హోటలు బల్లపైకి అరుదుగా వచ్చును. సర్వపిండి, సకినాలు, జొన్నరొట్టె ఇంటి గడప దాటుటకు సిగ్గుపడుచున్నవి. అతిథికి అతని ఇంటి భోజనమునే అనుకరించి పెట్టుట మర్యాద కాదు. మన ఇంటి భోజనమును ప్రేమతో పెట్టుట మర్యాద. తమిళుని సాంబారు, హైదరాబాదు బిర్యానీ, మన సర్వపిండి ఒకే వీధిలో పక్కపక్కన దొరకిననాడు కాజీపేట తన పేరునకు తగిన జంక్షను అగును.

చివరి మాట ఉపాధ్యాయులకును విద్యార్థులకును ముఖ్యముగా చెప్పవలసినది. మన బిడ్డలు కుర్చీలలో కూర్చుండి ఐస్‌క్రీము తినుచుండగా, వారి యీడు బాలుడే వచ్చి బల్ల తుడిచినచో, ఆ హోటలు ఎంత అందముగా నున్నను కుటుంబమునకు తగినది కాదు. వాడును ఒక కుటుంబపు బిడ్డయే. పదునాలుగేండ్లలోపు పిల్లలను హోటళ్లలో, ధాబాలలో, టీకొట్లలో పనికి పెట్టుటను 2006 అక్టోబరు 10వ తేదీ నుండి నిషేధించిరి; 2016 సవరణతో ఆ వయసు పిల్లలను ఇతరుల యే వృత్తిలో పెట్టుకొనుటయైనను నేరమైనది. చట్టము పుస్తకములో నున్నది. బాలుడు బల్లకడ కనబడినచో దానిని జ్ఞప్తికి తెచ్చుట మన పని. వాని పేరడుగుడు, ఏ బడిలో చదువుచున్నాడో అడుగుడు. 1098 అను సంఖ్యకు ఫోను చేసినచో పిల్లల సహాయమునకు వచ్చువారు గలరు. వానిని కసరుట వలన ప్రయోజనము లేదు. వానిని బడికి చేర్చుట వలన ఉన్నది. తరగతి గదిలో ఖాళీగా నున్న ఒక చోటు కొన్నిసార్లు హోటలు వెనుక ఎంగిలి పళ్లెములకడ దొరకును.

శుభ్రమైన నీరు, కూర్చుండుటకు చోటు, స్త్రీలకు మరుగు, ముందుగా తెలిసిన ధర, అందరి నియమములకు గౌరవము, బడికి పోవు బిడ్డ - ఇవి యేవియు అలవికాని కోరికలు కావు. వీనికి పాలరాతి నేల, పట్టు తెరలు అక్కరలేదు. అడుగువారుండవలెను. అడుగువారు పెరిగినచో యజమానులు తప్పక మారుదురు. వ్యాపారమునకు చెవులు గట్టివి. కనుక క్రొత్తగా వచ్చినవారు ఆ మూడవ ప్రశ్నను ఇకమీద గొంతు తగ్గింపక అడుగుదురు గాక; మనమును గొంతు తగ్గింపక సమాధానము చెప్పగలుగుదుము గాక.