కాగితం మీద అన్నదమ్ములు



పోయిన నెల బడి వదిలే వేళకు మా వాడ తమ్ముడొకడు కాగితాల కట్ట పట్టుకొని వచ్చిండు. "సారూ, ఇందులో ఏం రాసి ఉందో జెర చెప్పుండ్రి, రేపు సంతకం పెట్టాలె" అన్నడు. అంతా ఇంగ్లీషు. చదువుతుంటే నాకు చెమటలు పట్టినయి. కూలికి పోయి బతికే ఆ పిల్లగాడు పట్నంలోని ఒక పెద్దింటి ఆసామికి సొంత తమ్ముడట! తండ్రి పేరు మారింది, ఇంటిపేరు మారింది, దాంతోపాటే కులమూ మారింది. కిడ్నీ ఒక్కటే వానిది. ఆపరేషన్ విదేశంలో. వీసా, టికెట్టు, రాయబార కార్యాలయం కాగితం అన్నీ ఏజెంటే చూసుకుంటడట.

మన చెయ్యి తగిలిన బిందెను తోముకునేటోళ్ళకు మన కిడ్నీ మైల కాదు. ఇదేదో సమానత్వం వచ్చిందనుకునేరు!

ఈ రాయబార కార్యాలయం కాగితం సంగతేమిటి? విదేశీయుడు మన దేశానికొచ్చి అవయవం మార్పించుకోవాలంటే, ఇచ్చేవారికీ తీసుకునేవారికీ చుట్టరికం ఉందని ఆ దేశ రాయబార కార్యాలయపు సీనియర్ అధికారి 21వ నంబరు ఫారంలో ధ్రువీకరించాలని 2014 నిబంధనలు చెబుతున్నాయి. దగ్గరి రక్తసంబంధమో, భార్యాభర్తల సంబంధమో లేకుండా భారతీయుడు విదేశీయునికి అవయవం ఇవ్వడానికి వీల్లేదు. మంచి నిబంధనే. కానీ ముద్ర వేస్తే చాలు, వెనక ఎవరున్నారో చూసేదెవరు? 2024 జులైలో ఢిల్లీ పోలీసులు బయటపెట్టిన కేసులో బంగ్లాదేశ్ హైకమిషన్ పేరు మీదనే దొంగ కాగితాలు పుట్టించారని చెప్పారు. అక్కడ కిడ్నీలు పోగొట్టుకున్నదీ ఆ దేశపు బీదలే.

మనోళ్ళను బయటికి తీసుకుపోయే దారి ఇంకా సులువు. 2016 జనవరిలో నల్లగొండ పోలీసులు పట్టుకున్న ముఠా, కిడ్నీ ఇచ్చేటోళ్ళను టూరిస్టు వీసాల మీద కొలంబో పంపింది. మనిషికి సుమారు 5 లక్షలు. గొడవ బయటపడ్డాక శ్రీలంక ప్రభుత్వం విదేశీయులకు కిడ్నీ మార్పిడిని ఆ నెలలోనే ఆపేసింది. ఏజెంట్లు ఆగలేదు. 2024 మేలో కొచ్చిలో బయటపడ్డ ఇరాన్ కేసు కూడా తిరిగి తిరిగి హైదరాబాదు దాకా వచ్చింది.

ఏజెంటు చెప్పని మాట ఒకటుంది. 1994 చట్టం, 2011 సవరణ ప్రకారం కిడ్నీకి డబ్బు ఇచ్చినోడే కాదు, తీసుకున్నోడూ నేరస్తుడే. 5 నుంచి 10 ఏళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా. దొంగ చుట్టరికం కాగితాలకు సాయపడ్డా అంతే. 5 లక్షల ఆశకు 20 లక్షల జరిమానా!

నిజంగా తోడబుట్టినోనికి ఇద్దామనుకునే మన బీదోళ్ళు పుట్టిన తేదీ కాగితం లేక, రేషన్ కార్డులో పేరు తప్పు పడి ఆఫీసుల చుట్టూ తిరుగుతరు. దొంగ తమ్ముని కాగితాలు మాత్రం రెండు రోజుల్ల తయారు.

ఆ పిల్లగాని అప్పు లక్షా ఎనభై వేలు, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. తల్లి వైద్యానికి తెచ్చిండు. ముందు ఆ షావుకారితో మాట్లాడాలె. కార్యకర్తలు వాడల్లో పాస్‌పోర్టు కొత్తగా తీసుకున్న పిల్లలెవరో, ఎవరు తీయించిండ్రో కనుక్కోవాలె. ఇంగ్లీషు కాగితం ఏదైనా చదివించుకోకుండా వేలిముద్ర వెయ్యొద్దని ఇంటింటికీ చెప్పాలె.

మా తమ్ముడు సంతకం పెట్టలేదు. పాస్‌పోర్టు ఇంకా ఏజెంటు దగ్గరే ఉంది. వచ్చే ఆదివారం పది మందిమి కలిసి అడగపోతున్నం.