కార్డు ఇచ్చేముందు ఎవరిని అడగాలి?

జన్యు పరీక్షలో వెతికిన జబ్బు కాక మరేదో బయటపడితే ఆ మనిషికి చెప్పాలా, వద్దా? కేంబ్రిడ్జ్ దగ్గరి వెల్‌కమ్ సాంగర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆనా మిడిల్టన్ బృందం దీనిమీద ఆన్‌లైన్ సర్వే చేసింది. ఆమె కూడా నాలాగే జెనెటిక్ కౌన్సెలర్. చదివితే బుర్రకెక్కని సంగతులను పది చిన్న వీడియోలుగా తీసి ప్రశ్నల మధ్య పెట్టారు. 75 దేశాల నుంచి 6,944 మంది జవాబిచ్చారు. ముందే తెలిస్తే ప్రాణం కాపాడుకోగల జబ్బయితే తమకు చెప్పాలని మామూలు జనంలో దాదాపు అందరూ కోరుకున్నారు. ఎక్కువగా వెనకాడింది జన్యు వైద్యం చేసేవాళ్లే. అది చదివి నేను నొచ్చుకున్నాను. జనం తట్టుకోలేరని మాకు మేమే తేల్చేసుకుంటున్నామని నాకనిపించింది.

అయినా మన దగ్గర నిబంధనలు రాయడానికి ఇలాంటి సర్వే ఒక్కటే ఆధారమంటే నేను ఒప్పుకోను. ఫోను ముందు మనిషి ఒక్కరే ఉంటారు. మా ఓపీలో నిర్ణయం ఏ ఒక్కరిదీ కాదు.

హైదరాబాద్‌లో నా దగ్గరికి మూడో నెల గర్భిణి ఒకామె వచ్చింది. మేనరికం. భార్యాభర్తలిద్దరూ తలసీమియా క్యారియర్లు. రిపోర్టు వివరిస్తుంటే ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "అత్తమ్మకు చెప్పకండి మేడం" అంది. ఆ అత్తమ్మ సొంత మేనత్తే, బయట బెంచీ మీద కూర్చుంది. ఆ జన్యువు చాలావరకు ఆమె నుంచి కొడుక్కి, ఆమె తమ్ముడి నుంచి ఈ అమ్మాయికి వచ్చి ఉంటుంది. పరీక్ష చేసింది ఇద్దరికి, బయటపడింది నలుగురి సంగతి. ఈ అమ్మాయికి పెళ్లీడు చెల్లెలుంది. ఆమెకూ టెస్టు చేయించాలి. చేయిస్తే సంబంధాలు తప్పిపోతాయని భయం. తెలుసుకుంటారా అని సర్వే అడిగితే ఈ అమ్మాయి అవుననే నొక్కుతుంది. ఆమెకు నిద్రపట్టనివ్వనిది వేరే: ఇంట్లో ఎవరికి, ఎప్పుడు, ఎవరితో చెప్పించాలి?

ఇదే చిక్కు ఇప్పుడు గిరిజన ఊళ్లకూ చేరుతోంది. సికిల్ సెల్ కూడా తలసీమియాలాగే తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బు. 2023 జులైలో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ గిరిజన ప్రాంతాల్లో ఏడు కోట్ల మందికి పరీక్షలు తలపెట్టింది. ఫలితం రాసిన కార్డు చేతికిస్తారు. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు కాబట్టి, పెళ్లికి ముందే కార్డులు చూసుకోమంటారు. వైద్యపరంగా సరైన మాటే. కానీ ఉట్నూరులోనో పాడేరులోనో ఆ కార్డు పట్టుకున్న ఆడపిల్లను పెళ్లివారు ఏమంటారో ఎవరు అడిగారు? 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. చేతికి అందినవాళ్లను అడిగి అందరినీ అడిగామనుకోవడం మనకు కొత్త కాదు.

మిడిల్టన్ వీడియోల పద్ధతి నాకు నచ్చింది. అలాంటివి తెలుగు, కోయ, గోండిలో తీసి, ట్యాబ్‌లో వేసి, ఊళ్లోవాళ్లకు తెలిసిన ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంతో పంపాలి. అత్తనూ కోడలినీ పెళ్లికాని పిల్లనూ విడివిడిగా ఒకసారి, కలిపి కూర్చోబెట్టి ఒకసారి అడగాలి. ఒంటరిగా చెప్పినదీ నలుగురిలో చెప్పినదీ ఎక్కడ తేడా పడుతుందో రాసుకోవాలి. కార్డు ఎవరి చేతికివ్వాలో, దానిమీద ఎంతవరకు రాయాలో ఆ తేడాను చూసి తేల్చాలి. పంపిణీ ఇప్పటికే సాగుతోంది, ఇంకా ఆగితే ఆలస్యమవుతుంది.